కరుణక్క కట్టిన రైల్వే స్టేషను

రాజమండ్రిలో మా మేడ మీది గదిలో ఒక చిన్న రైలు తిరుగుతూ ఉంటుంది. రిటైరైన తర్వాత కొనుక్కున్నాను. ప్లైవుడ్ బల్ల మీద పట్టాలు, మలుపు దగ్గర ఒక వంతెన, వంతెన దాటాక స్టేషను. స్టేషనూ, నీళ్ల ట్యాంకూ, గేటుమేన్ గదీ అన్నీ పెట్టెల్లో వచ్చినవే. అట్ట ముక్కలు మిషను మీద కోసి, అంకెలు వేసి పంపుతారు. ఒకటో ముక్కకి రెండో ముక్క అంటించుకుంటూ పోవడమే మన పని. అంత సుళువు చేసి పంపినా నేను కట్టినవాటిలో మూలలు కలవవు. గోడకీ కప్పుకీ మధ్య సందు కనబడుతుంది. ఆ సందులకి ప్లాస్టిక్ చెట్లు అడ్డం పెట్టాను. ఇంటికొచ్చినవాళ్లు అవేవీ చూడరు. "చిన్నప్పటి నుంచీ మీ చేతిలో ఉన్న విద్యే కదండీ ఇది" అంటారు. నేను అవుననను, కాదనీ అనను. నవ్వి ఊరుకుంటాను. ఆ నవ్వు నాకు బాగా అలవాటు. దాని వయసు యాభై ఏళ్ల పైమాటే.

మా కరుణక్క పోయి మొన్నటికి నలభై రోజులు. పాలకొల్లులో వాళ్లింట్లో పెట్టిన జ్ఞాపకార్థ కూడికలో, తమ్ముణ్ని కదా, నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. ఆ మాటలు ఎలా ముగిశాయో చెప్పాలంటే ముందు అక్క గురించి చెప్పాలి, అక్క గురించి చెప్పాలంటే మా చిన్ననాటి ఇంటి గురించి చెప్పాలి.

మా నాన్నగారు మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో మేష్టారు. నిడదవోలు నుంచి నరసాపురం పోయే రైలుమార్గం పక్కన మిషన్ కాంపౌండు, అందులో చివరి పెంకుటిల్లు మాది. పెరటి వెనక పంటకాలువ, దాని అవతల కట్ట, కట్ట మీద పట్టాలు. సాయంత్రం పాసింజరు కూత వినగానే నాన్నగారు పడక్కుర్చీలోంచి లేచి గోడగడియారం ముల్లు సరిచేసేవారు. బండి ఆలస్యంగా వచ్చిన రోజున మా ఇంట్లో కాలం కూడా ఆలస్యంగానే నడిచేది. మర్నాడు నాన్నగారు స్కూలుకి వెళ్లేసరికి గంట కొట్టేసి ఉండేది. అమ్మ దానికి నవ్వేది, ఆయన ఎదుట మాత్రం కాదు. అమ్మకి ఉబ్బసం. చలికాలమంతా ఇంట్లో నీలగిరి తైలం వాసన, దాని మీద పొయ్యిలో తడి కొబ్బరిమట్టల పొగ. అందుకని ఎనిమిదో తరగతితో అక్క చదువు ఆగిపోయింది. పొయ్యి రాజెయ్యడం, చేపలు తోమడం, నాన్నగారి పంచెలకి గంజి పెట్టడం, ప్రార్థన వేళకి చాప పరిచి దీపం చిమ్నీ తుడవడం అన్నీ తనవే. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, సాయంత్రం పొయ్యి వెలిగించే లోపల దొరికే కాసేపే తనది. అక్క నాకన్నా రెండేళ్లు పెద్ద. ఆ కాసేపట్లో తను ఏం చేసేదో మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, రైలు వచ్చేదాకా.

స్కూలు అజమాయిషీ చూసే దొరసాని గారు వాళ్ల దేశం వెళ్లిపోతూ సామాన్లు పంచిపెట్టారు. మా వంతుకి ఒక టైపు మిషను వస్తుందని అమ్మ ఆశపడింది. వచ్చింది ఒక రేకు డబ్బా. అందులో తాళం తిప్పితే నడిచే అరచేతిలో పట్టే ఇంజను, మూడు పెట్టెలు, ఒకదానికొకటి తగిలించుకునే రేకు పట్టాలు. "ఏం చేసుకుంటామండీ దీన్ని?" అంది అమ్మ. నాన్నగారు స్కూల్లో మూలపడ్డ రెండు పాత తలుపులు మోయించుకొచ్చి వెనక వసారాలో బెంచీల మీద పరిపించారు. పట్టాలు నేను బిగించాను. తాళం నేను తిప్పాను. ఇంజను గుండ్రంగా తిరిగి, తాళం అయిపోయి, ఎక్కడో అక్కడ ఆగిపోయేది. పదిసార్లు తిప్పాక నాకు విసుగొచ్చింది. అక్క తడిచేతులు ఓణీకి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఆగడానికి ఒక ఊరుండాలి కదరా పాపం దానికి" అంది.

కాంపౌండు గోడ అవతల మాణిక్యమ్మ గారని ఉండేవారు. పెళ్లిళ్లకి బాసికాలూ బెండుపూలూ చేసి ఇచ్చేవారు. నీటిగుంటల్లో పెరిగే జీలుగు కాడలు ఎండబెట్టి పైబెరడు తీస్తే లోపల తెల్లగా, గాలంత తేలిగ్గా ఉండేదే బెండు. ఆవిడ కోసుకోగా మిగిలిన ముక్కలు అక్క ఒడి నిండా వేసుకొచ్చేది. నాన్నగారు గడ్డం గీసుకుని పడేసిన బ్లేడు సగానికి విరిచి, చీల్చిన వెదురుపుల్లలో బిగించి కత్తి చేసుకుంది. మైదాపిండి కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపి జిగురు చేసేది. ఆ జిగురు వాసన ఇప్పటికీ పుస్తకాలు బైండు చేసే దుకాణం ముందు నుంచి పోతుంటే తగులుతుంది. నేను అక్కడ నిలబడను.

మొదట కొలత తేలలేదు. ఏది ఎంతుండాలి? అక్క ఇంజనుని కంటి ఎత్తుకి పట్టుకుని చాలాసేపు చూసింది. "డ్రైవరు తల ఈ కిటికీలోంచి బయటికి రావాలి. తల ఇంతుంటే మనిషెంతుంటాడు?" అని తనలో తాను అనుకుని, వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బాలోంచి ఒక లవంగం తెచ్చి పట్టాల పక్కన నిలబెట్టింది. గుండ్రటి తల, సన్నటి ఒళ్లు. "ఇదుగో మనిషి" అంది. ఆనాటి నుంచి మా వసారాలో అన్నిటికీ లవంగమే కొలత. తలుపు ఒకటిన్నర లవంగం, ప్లాట్‌ఫారం అర లవంగం, సిగ్నలు స్తంభం ఆరు లవంగాలు. లవంగాలకి పాత చీర పీలికలు చుట్టి ఆడవాళ్లని, తెల్లదారం చుట్టి పంచెలవాళ్లని చేసింది. పండగనాడు అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"పలావులోకి లవంగాలేవే కరుణా?"

"ప్లాట్‌ఫారం మీదున్నాయమ్మా. బండి కోసం చూస్తన్నాయి."

"నీ బండి మండా! నాలుగింటిని దింపి పట్రా."

నేనూ ఏదో చెయ్యాలని పట్టాల కింద కంకరకి నూకలు తెచ్చి పరిచాను. మర్నాడు పిచ్చుకలు వచ్చి మా లైను మొత్తం తినేసి పోయాయి. అక్క కోప్పడలేదు. ఇటుక నలగ్గొట్టి జల్లెడ పట్టి మళ్లీ పోసింది. కాలువ కోసం ఫోటో పటంలోంచి తీసిన అద్దం ముక్క పెట్టి, వెనక పక్క రంగు వెయ్యబోతుంటే నేను అడ్డుపడ్డాను. పుస్తకాల్లో నీళ్లు నీలంగా ఉంటాయి కదా అని నా వాదన.

"నువ్వెప్పుడైనా మన కాలవ నీలంగా చూశావేంట్రా? స్నానం చేసేదక్కడే కదా."

"బాగుండదక్కా, బురదలా ఉంటాది."

"బాగుండాలని కాదు, ఉన్నట్టుండాలి" అని టీ డికాక్షనులో ఎర్రమన్ను కలిపి పూసింది. ఆ తర్వాత అక్కడ కొబ్బరిచెట్టు నీడ పడే చోట కొంచెం ముదురు రంగు వేసింది. కాలువ నీళ్లు ఆపి వదిలే తలుపులతో లాకులు కట్టింది. మా ప్రార్థన గుడి కట్టింది. మా కాంపౌండుకి సగం కూలిన గోడ ఉంటే దాన్ని సగం కూలినట్టే కట్టింది. క్రిస్మస్ వచ్చేసరికి ప్రభువు పుట్టిన పశువుల పాకని కూడా ఆ బల్ల మీదే, స్టేషను వెనకాల పెట్టింది. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో 'బేత్లెహేము' అని రాసి, కింద చిన్నగా 'నిడదవోలు మీదుగా' అని రాసింది. నాన్నగారు కళ్లజోడు సర్దుకుని చదివారు.

"ప్రభువు పుట్టిన కాలంలో రైలెక్కడిదమ్మా?"

"ఉండుంటే మరియమ్మ నిండు నెలల్తో అంత దూరం గాడిద మీద వెళ్లేది కాదు కదా నాన్నా."

ఆయన గోడగడియారం వైపు చూసి, "అవునులే" అన్నారు. అప్పటి నుంచి ప్రతి పండక్కీ కాంపౌండులో వాళ్లంతా మా వసారాలోకి వచ్చి చూసిపోయేవారు. తాళం నేను తిప్పేవాణ్ని. రైలు పక్కన నిలబడేది నేను. కాఫీలు ఇచ్చేది అక్క. చూసినవాళ్లకి ఆ ఊరిని ఎవరు కట్టారో చెప్పాల్సిన అవసరం మా ఇద్దరికీ తోచలేదు. తనకి నిజంగానే తోచలేదు. నాకు తోచి ఊరుకున్నాననే ఇప్పుడు అనిపిస్తోంది.

అలా నాలుగో యేడు నేను కాలేజీలో పీయూసీ లెక్కల్లో తప్పాను. నాన్నగారు తిట్టలేదు. మాట్లాడడం మానేశారు. భోజనాల దగ్గర "వాడికి చారు పొయ్యి" అని అమ్మకి చెప్పేవారు, నా వైపు చూసేవారు కాదు. కుటుంబ ప్రార్థనలో అందరి పేర్లూ వరసగా చెప్పి నా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. ఆ ఆగడం నాకు బెత్తం దెబ్బలా ఉండేది. ఆర్నెల్లు అలా గడిచాయి. అప్పుడొచ్చింది ఆ క్రిస్మస్. పండగ మర్నాడు మధ్యాహ్నం పాస్టరు గారు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని మా వసారాలోకి వచ్చారు. ఆయన ఇంజనీరు. వంతెనలూ లాకులూ కట్టబోయే ముందు వాటి నమూనాలు చేసి పరీక్షించే చోట పెద్ద హోదాలో ఉన్నారు. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. వంగి, లాకుల తలుపుల సందులోంచి చూశారు.

"ఎవరు కట్టారండీ ఇదంతా? మీవాడేనా మేష్టారూ?"

నాన్నగారు నా వైపు చూశారు. ఆర్నెల్లకి అదే మొదటిసారి.

"నేనేనండి" అన్నాను.

నాన్నగారు చెయ్యెత్తి నా భుజం మీద వేశారు. బరువైన చెయ్యి. సుద్దముక్క వాసన వచ్చే చెయ్యి.

"చదువుకున్నవాళ్లు బోలెడుమంది దొరుకుతున్నారండి, ఇలాంటి చెయ్యి దొరకట్లేదు" అన్నారు ఇంజనీరు గారు. "పండగలయ్యాక అబ్బాయిని నా దగ్గరికి పంపండి. పని నేర్పించి పెట్టుకుంటాను."

పాస్టరు గారు నవ్వుతూ, "మా సంఘంలో ఆడపిల్లలక్కూడా ఏదన్నా చూడండి సార్" అన్నారు.

"ఎందుకు చూడమండీ? మా దగ్గర ఇద్దరమ్మాయిలు చేస్తన్నారు. చెయ్యి తిరిగుంటే చాలు, సర్టిఫికెట్లు కూడా అడగను."

అప్పటికి అక్క కాఫీగ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. మాటలన్నీ విన్నది. నేను తన వైపు చూశాను. ఒక్క మాట, 'మా అక్కండి' అనే మాట, నోటి చివర ఉంది. భుజం మీద చెయ్యి అలాగే ఉంది. నిజం చెబితే అది లేచిపోతుంది. నేను చెప్పలేదు. అక్క వచ్చి గ్లాసు అందించింది. ఆయన అక్క వేళ్లు చూశారు.

"ఏంటమ్మా చేతులకి?"

"మైదాపిండండి. తమ్ముడికి జిగురు కాసిస్తన్నాను."

అలా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. నా అబద్ధానికి ఉన్న ఒకే ఒక్క కన్నాన్ని తనే పూడ్చింది. సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్లేసరికి అక్క బియ్యం కడుగుతోంది. నా కాళ్లు చూసి తలెత్తకుండా, "నాన్న నీతో మాట్లాడారా?" అని అడిగింది. మాట్లాడారన్నాను. "సరే అయితే" అంది. అమ్మకి అంతా తెలుసు. "దానికి పెళ్లి చేసి పంపిస్తాం కదరా. నీకో దారి దొరికింది. ఇక కదపకు" అంది. కదపకపోవడం నాకు ఎంత సులువైందో.

దారి దొరికింది గానీ అందులో నడిచే కాళ్లు నావి కావు. అక్కడ మొదటి వారంలోనే చిన్న లాకు నమూనా ఒకటి చేసి చూపించమన్నారు. నా చేతిలో ఏదీ తిన్నగా నిలబడలేదు. శనివారం బస్సెక్కి ఇంటికొచ్చి ఆ లాకు కొలతల కాగితం అక్క ముందు పెట్టాను. అడగడానికి మొహం లేదు. తను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "తలుపు ఎన్ని లవంగాలు?" అంది. ఆదివారం గుడి నుంచి వచ్చి కూర్చుని సాయంత్రం బస్సు వేళకి పూర్తి చేసింది. బిస్కట్ల డబ్బాలో దూది పరిచి పట్టుకెళ్లాను. అలా ఏడాది పాటు వారం వారం. అక్కడ అందరూ నన్ను మెచ్చుకున్నారు. అక్కకి పాలకొల్లులో గుమాస్తా సంబంధం కుదిరి పెళ్లైపోయాక, నా చేతికి వణుకు వచ్చిందని చెప్పి డ్రాయింగు విభాగంలోకి మారిపోయాను. నా మొదటి పనితనం చూసినవాళ్లు జాలిపడ్డారు. ఆ జాలి మీదే ఉద్యోగం పర్మనెంటైంది, ఇల్లు కట్టాను, పిల్లలు చదువుకున్నారు.

అక్క పెళ్లైన రెండో ఏడు తుఫానులో కాలువ పొంగి మా పెరట్లోకి, వసారాలోకి వచ్చింది. నేను ఆ వారం ఇంట్లోనే ఉన్నాను. అక్క కట్టిన ఊరు నా కళ్ల ముందే బల్ల మీద నుంచి లేచింది. బెండు కదా, మునగలేదు. స్టేషను, గుడి, గేటు గది ఒకదాని వెనక ఒకటి తేలుకుంటూ మెట్లు దిగి కాలువలో కలిశాయి. నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి రేకు ఇంజనుని గుండెకి పట్టుకున్నాను. చెయ్యి చాపితే స్టేషను అందేది.

పాలకొల్లులో అక్క మళ్లీ బ్లేడు పట్టలేదు. ఒక క్రిస్మస్‌కి వాళ్లింటికి వెళితే ముందుగదిలో బజారులో కొన్న ప్లాస్టిక్ పాక ఉంది. బావగారూ పిల్లలూ అక్కడే ఉన్నారు. "ఇదేంటక్కా, నువ్వే కట్టచ్చు కదా?" అన్నాను, నోరు జారి. అక్క జంతికలు పళ్లెంలో పెడుతూ ఆగింది.

"నాకేం వచ్చురా? కట్టేవాడివి నువ్వు కదా" అంది.

దెప్పుతోందేమోనని తన మొహం చూశాను. దెప్పు లేదు. నవ్వూ లేదు. గుమ్మంలో ఆ రోజు గ్లాసు అందించినప్పటి మొహమే. బావగారు "అవునవును, మీ చెయ్యి గురించి మీ అక్క ఎప్పుడూ చెప్తానే ఉంటాది" అన్నారు. నేను ఆ నవ్వు నవ్వాను. ఆ తర్వాత అక్కకి జబ్బు చేసినప్పుడు మూడుసార్లు వెళ్లాను, నిజం ఒప్పుకోవాలనే వెళ్లాను. మూడుసార్లూ ఆత్రేయపురం పూతరేకుల పొట్లం మంచం పక్కన పెట్టి, ఎండల గురించీ మందుల గురించీ మాట్లాడి బస్సెక్కాను. అరవై దాటిన ఈ వయసులోనూ భుజం మీద ఆ చెయ్యి లేచిపోతుందనే భయం ఉందంటే ఎవరు నమ్ముతారు? ఆ చెయ్యి ఉన్న మనిషే పోయి ఎన్నేళ్లో అయింది.

ఇప్పుడు నా మేడగదిలో ఏదైనా దొరుకుతుంది. ఫోనులో నొక్కితే ఏ దేశపు స్టేషనైనా ఇంటికొస్తుంది, కంకర సంచీలో వస్తుంది, మనుషులు డజన్ల లెక్కన వస్తారు. వాటిలో ఒక్కటీ మన ఊళ్లా ఉండదు. నీళ్లు మాత్రం నీలంగా ఉంటాయి. ఎంతసేపు తిప్పినా ఆ రైలు ఎక్కడా ఆగాలనిపించదు.

కూడికలో నేను లేచి నిలబడి చెప్పాను. మా వసారాలో ఆ ఊరు కట్టింది మా అక్క అనీ, నేను కట్టానని ఇంజనీరు గారితో అబద్ధమాడాననీ, తనకి రావలసిన ఉద్యోగం నేను చేశాననీ, లవంగం దగ్గర నుంచి బిస్కట్ల డబ్బా దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. కూర్చున్నాక పాలకొల్లు పాస్టరు గారు లేచి, "చూశారా, కీర్తి అంతా అక్కగారికే ఇచ్చేస్తున్నారు. తమ్ముడంటే ఇలా ఉండాలి" అన్నారు. వెనక ఎవరో ఆమెన్ అన్నారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

భోజనాల దగ్గర అక్క కొడుకు సునీల్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడు నలభై దాటినవాడు, స్కూల్లో సైన్సు మేష్టారు.

"అమ్మ మీద ఎంత ప్రేమండి మావయ్యా మీకు. కానీ అదంతా మీరు చెప్పక్కర్లేదండి. అమ్మ గురించి మాకు తెల్దా? కాయితం కూడా తిన్నగా కత్తిరించేది కాదు. ప్రాజెక్టులకి సాయం చెయ్యమంటే 'నాకు రాదురా, అదంతా మీ మావయ్య విద్య' అనేది."

"నిజమేరా నేను చెప్పింది."

"ఊరుకోండి. మీరెలా కట్టేవారో మాకు పూస గుచ్చినట్టు చెప్పేది. స్టేషను పెంకుల కోసం తడి కాయితాన్ని విరిగిన గొడుగు ఊచ మీద చుట్టి ఎండబెట్టి, నిలువునా చీల్చేవారంట కదా? వాన పడమటి నుంచి కొడుతుందని ఆ వైపు చూరుని ఒక్క వరస ఎక్కువ దించారంట. నేను మా పిల్లలకి క్లాసులో మీ పేరు చెప్పి మరీ చెప్తానండి ఇది."

నాలుగేళ్లు రోజూ ఆ కప్పుని చూశాను నేను. పెంకులు ఎలా వచ్చాయో ఏనాడూ అడగలేదు. ఆ వైపు ఒక్క వరస ఎక్కువ ఉండేదని నాకు తెలియదు.

"నాకు తెలియదురా సునీల్" అన్నాను.

వాడు నా విస్తట్లో ఇంకొంచెం పెరుగు వేసి, "పెద్దోరైపోయారు కదండీ మావయ్యా, మర్చిపోయుంటారు" అన్నాడు, ఎంతో ప్రేమగా.